అరచేతిలోని కన్ను

పాఠ్యభాగ ఉద్దేశం: సెల్‌ఫోన్ కెమెరా పాతికేళ్ళలో సాధించిన పరిణతిని, ఆ పరిణతికి కారణమైన ఉత్పత్తి సంస్థల పోటీని వివరించడం; ఛాయాచిత్రాన్ని చూచే కంటికి వివేచనను అలవరచడం ఈ పాఠం ఉద్దేశం.

చూచిన దానిని చెరిగిపోకుండా నిలుపుకోవాలన్న కోరిక మానవునికి సహజమైనది. కలలో కనిపించిన రాకుమారుడెవరో తెలియక కలత చెందిన ఉషాకన్యకు చెలికత్తె చిత్రరేఖ దేశదేశాల రాకుమారుల రూపాలను పటం మీద లిఖించి చూపిందనీ, వాటిలో అనిరుద్ధుని రూపాన్ని ఉష గుర్తించిందనీ పురాణకథ. ఆ కథ పుట్టిన కాలంలో రూపాన్ని నిలిపే సాధనం చిత్రకారుని చేయి ఒక్కటే. చేయి గీసిన దానిలో చూచినది కొంత, ఊహించినది కొంత ఉండేది. వెలుగు చేతనే బొమ్మను వ్రాయించే విద్య 1839లో లోకానికి వెల్లడైంది. ఆ ఏడాది ఫ్రాన్సు దేశస్థుడైన లూయీ డాగెర్ పద్ధతి ప్రకటితమైన తరువాత, ఇక బొమ్మలో ఊహకు తావు లేదనీ, ఉన్నది ఉన్నట్టే కనిపిస్తుందనీ జనులు భావించసాగారు. ఛాయాచిత్రం అబద్ధమాడదన్న నమ్మకం అలా వేళ్ళూనింది.

ఆ విద్య చాలాకాలం కొద్దిమంది చేతిలోనే ఉండిపోయింది. హైదరాబాదులో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ తీసిన చిత్రాలు నేటికీ ప్రసిద్ధాలు. సామాన్యుని ఇంటికి ఛాయాచిత్రం చేరడానికి మరికొన్ని తరాలు పట్టింది. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, వెలిగొండల చెంత ఉన్న ఉదయగిరిలోను, దానికి ఆగ్నేయంగా ఉన్న ఆత్మకూరులోను ఇరవయ్యవ శతాబ్ది చివరి వరకు ఫొటో అంటే సాధారణంగా స్టూడియోకు వెళ్ళి తీయించుకొనేదే. పెళ్ళికో, పరీక్ష దరఖాస్తుకో తప్ప ఆ గడప తొక్కినవారు తక్కువ. ఒక ఫిల్ము చుట్టలో 36 బొమ్మలు. వాటిని కడిగి, అచ్చువేసి చేతికిచ్చే వరకు ఎలా వచ్చాయో ఎవరికీ తెలియదు. అందువల్ల ఒక్కొక్క బొమ్మ పటం కట్టించి గోడకు తగిలించుకోవలసినంత అపురూప వస్తువయింది.

ఈనాడు ఆ ఊళ్ళలోనూ కెమెరా అరచేతిలోకి వచ్చింది. పైరుకు పట్టిన తెగులును రైతు ఫొటో తీసి వ్యవసాయాధికారికి పంపగలడు. భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క చెంచాలను, గరిటెలను పనివారు దూరప్రాంతపు కొనుగోలుదారులకు కూర్చున్న చోటి నుండే చూపగలరు. విద్యార్థి నల్లబల్ల మీది లెక్కను చెరిపివేసే లోపల బొమ్మగా భద్రపరచుకోగలడు. గ్రామీణ ఉపాధి హామీ పనులలో కూలీల హాజరును స్థలసూచన గల ఫొటోలతో నమోదు చేయడం 2023 జనవరి 1 నుండి దేశమంతటా తప్పనిసరి అయింది. అంటే ఎండలో మట్టి తవ్విన మనిషి కూలికి ఒక ఫొటో ఆధారమయ్యే స్థితి వచ్చింది. ఇంతటి బరువు మోసే ఈ కన్ను ఎట్లా చూస్తుందో, దాని చూపు ఎంతవరకు నమ్మదగినదో తెలుసుకోవడం చదువుకొన్నవారి కర్తవ్యం.

కంటి నిర్మాణం

సెల్‌ఫోన్ కెమెరాలో మూడు భాగాలు ప్రధానమైనవి. వెలుగును ఒకచోట కేంద్రీకరించే కటకం మొదటిది. ఆ వెలుగును విద్యుత్తుగా మార్చే సెన్సర్ అనే సిలికాన్ పలక రెండవది. ఆ విద్యుత్ సంకేతాలను లెక్కకట్టి బొమ్మగా కూర్చే ప్రాసెసర్ మూడవది. ఫిల్ము కెమెరాలో రసాయనాలు చేసిన పనిని ఇక్కడ రెండవ, మూడవ భాగాలు పంచుకొంటాయి.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే శాస్త్రజ్ఞులు సీసీడీ అనే సాధనానికి రూపకల్పన చేశారు. డిజిటల్ ఛాయాచిత్రణకు మూలమైన ఆ కృషికి 2009లో వారికి నోబెల్ బహుమతి లభించింది. 1975లో కొడాక్ సంస్థ ఇంజనీరు స్టీవెన్ శాసన్ నిర్మించిన డిజిటల్ కెమెరా మూడున్నర కిలోలకు పైగా తూగేది; ఒక్క బొమ్మను నమోదు చేయడానికి దానికి 23 సెకన్లు పట్టేది. 1990ల ఆరంభంలో నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో ఎరిక్ ఫోసమ్ బృందం సీమాస్ తరహా సెన్సర్‌ను అభివృద్ధి చేసింది. అది తక్కువ విద్యుత్తుతో, తక్కువ చోటులో పనిచేయగలగడం వల్ల కెమెరా ఫోనులో ఇమడడానికి మార్గం సుగమమైంది.

సెన్సర్ మీద లక్షల సంఖ్యలో సూక్ష్మమైన గదులుంటాయి. ఒక్కొక్క గదిని పిక్సెల్ అంటారు. పది లక్షల పిక్సెళ్ళు కలిస్తే ఒక మెగాపిక్సెల్. ఇవి వానలో ముంగిట పరచిన గిన్నెల వంటివి. వాన జోరుగా ఉన్నప్పుడు చిన్న గిన్నెలోనూ నీళ్ళు చేరతాయి. తుంపర పడేటప్పుడు మూతి వెడల్పయిన గిన్నెలోనే నాలుగు చుక్కలు నిలుస్తాయి. పగటి ఎండలో ఏ ఫోన్ తీసినా బొమ్మ చక్కగా ఉండి, రాత్రివేళ చవక ఫోన్ తీసిన బొమ్మ నలుసులు చల్లినట్టు కనిపించడానికి కారణం ఇదే. చీకటిలో చిన్న పిక్సెల్‌కు అందే వెలుగు స్వల్పం. ఆ స్వల్పంలోని హెచ్చుతగ్గులే నలుసులుగా బయటపడతాయి.

ఇక్కడ మరొక విశేషం గమనించాలి. పిక్సెల్‌కు వెలుగు ఎంతో తెలుసును గాని, దాని రంగు ఏమిటో తెలియదు. కొడాక్ శాస్త్రజ్ఞుడు బ్రైస్ బేయర్ ఇందుకొక ఉపాయం కనిపెట్టి 1976లో పేటెంట్ పొందాడు. పిక్సెళ్ళలో సగానికి ఆకుపచ్చ, పావువంతుకు ఎరుపు, పావువంతుకు నీలం రంగు తెరలను అమర్చడమే ఆ ఉపాయం. మన కంటికి ఆకుపచ్చ పట్ల గ్రహణశక్తి ఎక్కువ కనుక దానికి సగభాగం దక్కింది. ఈ అమరికలో ఒక్కొక్క బిందువు వద్ద ఒక వర్ణం మాత్రమే కొలిచినది. తక్కిన రెండు వర్ణాలు ఇరుగుపొరుగు పిక్సెళ్ళను బట్టి లెక్కకట్టినవి. చిత్రరేఖ చేతిలో ఉండిన ఊహ, డాగెర్ తరువాత అంతరించిందనుకొన్న ఊహ, ఈ విధంగా డిజిటల్ చిత్రంలోకి తిరిగి ప్రవేశించింది.

తొలి అడుగులు

ఫోనుకు కెమెరాను జోడించడంలో జపాన్, కొరియా సంస్థలు ముందు నడిచాయి. 1999లో జపాన్‌లో క్యోసెరా సంస్థ వీపీ-210 అనే ఫోనును విడుదల చేసింది. 2000లో కొరియాలో శామ్‌సంగ్, జపాన్‌లో షార్ప్ సంస్థలు తమ ఫోన్లను తెచ్చాయి. వీటి సామర్థ్యం 0.11 నుండి 0.35 మెగాపిక్సెళ్ళ వరకు మాత్రమే. శామ్‌సంగ్ ఫోన్ తీసిన బొమ్మను బయటికి తీయాలంటే కంప్యూటరుకు తగిలించవలసి వచ్చేది. షార్ప్ ఫోన్ మాత్రం బొమ్మను తానే మరొకరికి పంపగలిగేది. ఫోనులో కెమెరా ఉండడం వల్ల కలిగే అసలు ప్రయోజనం తీసిన బొమ్మను తక్షణం పంచుకోవడమేనని ఈ భేదం తెలియజేసింది.

తరువాత కొన్నేళ్ళు ఫిన్లాండ్ దేశపు నోకియా సంస్థదే పైచేయి. 2002లో దాని 7650 ఫోన్‌లో 0.3 మెగాపిక్సెల్ కెమెరా ఉండగా, 2007లో అమ్మకానికి వచ్చిన ఎన్95లో జర్మనీకి చెందిన కార్ల్ జైస్ కటకంతో 5 మెగాపిక్సెళ్ళ కెమెరా అమరింది. నెల్లూరు జిల్లాకు పొరుగు రాష్ట్రమైన తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో 2006 నుండి 2014 వరకు నోకియా కర్మాగారం నడిచింది. 2007లోనే ఆపిల్ సంస్థ తొలి ఐఫోనును విడుదల చేసింది. దానిలో 2 మెగాపిక్సెళ్ళ కెమెరా మాత్రమే ఉంది. వీడియో తీసే వీలు కూడా లేదు. అయినా 2010లో వచ్చిన ఐఫోన్ 4 నాటికి ఆ సంస్థ సెన్సర్ నిర్మాణం మీద శ్రద్ధ పెట్టింది. సాధారణ సెన్సర్‌లో వెలుగు పడే దారిలో లోహపు తీగలు అడ్డుండేవి. వాటిని వెనుకకు మార్చిన కొత్త తరహా సెన్సర్‌ను ఐఫోన్ 4లో వాడారు. గిన్నె పరిమాణం పెంచకుండానే దాని మీది అడ్డు తొలగించడం వంటిదిది.

అంకెల పందెం

కొనుగోలుదారునికి సెన్సర్ పరిమాణం గాని, కటకం నాణ్యత గాని కంటికి కనిపించవు. పెట్టె మీద అచ్చువేసిన మెగాపిక్సెళ్ళ అంకె కనిపిస్తుంది. అందువల్ల సంస్థల మధ్య పోటీ ఆ అంకె చుట్టూ తిరిగింది. 2012లో నోకియా 808 ప్యూర్‌వ్యూ ఏకంగా 41 మెగాపిక్సెళ్ళతో వచ్చింది. అయితే దానిలో సెన్సర్ కూడా ఆనాటి ఇతర ఫోన్ల కంటె ఎంతో పెద్దది. అందుచేత ఫోన్ వీపు ఉబ్బెత్తుగా ఉండేది. పలుచని ఫోన్లు కోరిన జనం దానిని ఆదరించలేదు. పైగా దానిలోని సింబియన్ వ్యవస్థ అప్పటికే వెనుకబడింది. కెమెరా ఒక్కటే ఫోనును నిలబెట్టలేదన్న పాఠం ఆ సంస్థకు ఆ విధంగా ఎదురైంది.

చైనా సంస్థల ప్రవేశంతో పోటీ సామాన్యుని దాకా దిగివచ్చింది. ఈ ఘట్టానికి తెలుగు నేలతో సంబంధముంది. నెల్లూరు జిల్లా తడ పట్టణానికి సమీపాన, అప్పటి చిత్తూరు జిల్లాలో ఉన్న శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో షియోమి సంస్థ భారతదేశంలో తన తొలి ఫోనును తయారు చేయించింది. రెడ్‌మీ 2 ప్రైమ్ అనే ఆ ఫోన్ 2015 ఆగస్టులో విశాఖపట్నంలో విడుదలైంది. దాని ధర 6,999 రూపాయలు. కెమెరా 8 మెగాపిక్సెళ్ళు. ఎనిమిదేళ్ళ క్రితం ఎన్95 వంటి ఖరీదైన ఫోన్లకు 5 మెగాపిక్సెళ్ళే గొప్ప. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత శ్రీసిటీ, తడ రెండూ తిరుపతి జిల్లాలో చేరాయి.

ఆపైన అంకెలు పరుగులు తీశాయి. 2019లో 13,999 రూపాయల ప్రారంభ ధరతో వచ్చిన రెడ్‌మీ నోట్ 7 ప్రోలో 48 మెగాపిక్సెళ్ళ కెమెరా ఉంది. అదే ఏడాది రియల్‌మీ ఎక్స్‌టీ, రెడ్‌మీ నోట్ 8 ప్రో 64 మెగాపిక్సెళ్ళకు చేరాయి. 2020లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్20 అల్ట్రా 108 మెగాపిక్సెళ్ళతోను, 2023లో ఎస్23 అల్ట్రా 200 మెగాపిక్సెళ్ళతోను వెలువడ్డాయి.

ఈ అంకెల లోగుట్టు తెలియాలంటే చిన్న లెక్క చాలు. పెద్ద కెమెరాలలో వాడే ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గలది. దాని వైశాల్యం 864 చదరపు మిల్లీమీటర్లు. 48 మెగాపిక్సెళ్ళ ఫోన్ సెన్సర్ వైశాల్యం సుమారు 31 చదరపు మిల్లీమీటర్లు, అంటే దానిలో ఇరవై ఎనిమిదో వంతు. ఆ చిన్న చోటులో 4 కోట్ల 80 లక్షల గిన్నెలు పరిస్తే ఒక్కొక్క గిన్నెలో పడే చుక్కలెన్ని? అందుకే ఈ ఫోన్లు సాధారణంగా నాలుగు పిక్సెళ్ళను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ళ బొమ్మనే ఇస్తాయి. 108 మెగాపిక్సెళ్ళ ఫోన్ తొమ్మిదింటిని ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ళ బొమ్మనిస్తుంది. 200 మెగాపిక్సెళ్ళ ఫోన్ పదహారింటిని కలిపి 12.5 మెగాపిక్సెళ్ళ బొమ్మనిస్తుంది. పెట్టె మీది అంకెలు ఎంత వేరైనా, చేతికి వచ్చే బొమ్మ పరిమాణం దాదాపు ఒకటే. ఎండ బాగా ఉన్నప్పుడు అన్ని పిక్సెళ్ళనూ విడివిడిగా వాడుకొని సూక్ష్మ వివరాలు పట్టుకోవచ్చుననే మాట నిజమే. కాని ఆ అవసరం అరుదు. 1,080 వెడల్పు, 2,400 పొడవు బిందువులుండే ఫోన్ తెర మీద మొత్తం 25,92,000 బిందువులే ఉంటాయి. అంగుళానికి 300 బిందువుల చొప్పున 8 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు గల బొమ్మను అచ్చువేయడానికి 86,40,000 బిందువులు చాలు.

అంకెల మోజు మరొక దారి కూడా తొక్కింది. ఫోన్ వెనుక కెమెరాల సంఖ్యను చూపడానికి అనేక చవక ఫోన్లలో 2 మెగాపిక్సెళ్ళ అదనపు కెమెరాలను అమర్చారు. వాటి ప్రయోజనం అత్యల్పం. నాలుగు కళ్ళున్నంత మాత్రాన చూపు నాలుగింతలు కాదు.

గణితం కుంచె పట్టిన వేళ

పలుచని ఫోనులో కటకానికీ, సెన్సర్‌కూ ఉండే చోటు పరిమితం. ఆ పరిమితిని దాటడానికి కొన్ని సంస్థలు మూడవ భాగమైన ప్రాసెసర్‌ను ఆశ్రయించాయి. 2016లో గూగుల్ సంస్థ వెలువరించిన పిక్సెల్ ఫోన్‌కు వెనుక ఉన్నది 12.3 మెగాపిక్సెళ్ళ కెమెరా ఒక్కటే. మీట నొక్కినప్పుడు అది ఒక బొమ్మతో సరిపెట్టుకోక, రెప్పపాటులో అనేక బొమ్మలను తీసి, వాటిని ఒకదానిపై ఒకటి సరిగా పేర్చి సగటు కడుతుంది. నలుసులు ఒక్కొక్క బొమ్మలో ఒక్కొక్క చోట పడతాయి. అసలు వస్తువు మాత్రం అన్నింటిలో ఒకే చోట ఉంటుంది. అందువల్ల నాలుగు బొమ్మల సగటులో నలుసులు సగానికి, తొమ్మిదింటి సగటులో మూడోవంతుకు తగ్గుతాయి. 2018లో అదే సంస్థ తెచ్చిన నైట్ సైట్ అనే సదుపాయం ఈ సూత్రం ఆధారంగానే చీకటిలోని దృశ్యాన్ని వెలుగులోకి తెచ్చింది.

తక్కిన సంస్థలు ఊరకుండలేదు. 2016లో ఐఫోన్ 7 ప్లస్ రెండు కెమెరాల సాయంతో దూరాన్ని అంచనా వేసి, మనిషి స్పష్టంగా, వెనుక దృశ్యం మసకగా ఉండేటట్లు చేసింది. 2018లో హువావే పీ20 ప్రో మూడు కెమెరాలతో వచ్చింది. మరుసటి ఏడు పీ30 ప్రో వెలుగును అద్దంతో మలుపు తిప్పి, ఫోన్ మందం పెంచకుండా దూరపు వస్తువును అయిదింతలు దగ్గరగా చూపింది. పేరుమోసిన పాత కెమెరా సంస్థలతో పొత్తులు కుదిరాయి. లైకా సంస్థ 2016లో హువావేతోను, 2022లో షియోమితోను చేయి కలిపింది. 2020లో జైస్ వివోతోను, 2021లో హాసెల్‌బ్లాడ్ వన్‌ప్లస్‌తోను జతకట్టాయి. ఆపిల్ 2015 నుండి 2021 వరకు ప్రధాన కెమెరాను 12 మెగాపిక్సెళ్ళ వద్దనే నిలిపి సెన్సర్‌ను, గణనను మెరుగుపరుస్తూ వచ్చి, 2022లో ఐఫోన్ 14 ప్రోతో 48కి మారింది. అదే ఏడు షియోమి 12ఎస్ అల్ట్రాలో ఒక అంగుళం తరగతి సెన్సర్‌ను అమర్చింది. పెద్ద సెన్సర్, మంచి కటకం, మేలైన గణితం అనే మూడూ కలిసినప్పుడే మంచి బొమ్మ వస్తుందని పోటీపడిన వారందరూ చివరకు గ్రహించినట్లు ఈ చరిత్ర చెబుతుంది.

ఈ పోటీ వల్ల సామాన్యునికి మేలు జరిగిందనడం నిర్వివాదాంశం. ఒకనాడు ధనికుల ఫోన్లకే పరిమితమైన సదుపాయాలు కొన్నేళ్ళలోనే చవక ఫోన్లకు దిగివచ్చాయి. అయితే గణితం కుంచె పట్టిన క్షణం నుండి ఒక ప్రశ్న కూడా తలెత్తింది. సగటు కట్టడం వరకు కెమెరా తాను చూచిన దానినే శుభ్రపరిచింది. ఆ తరువాతి దశలో, వేలాది బొమ్మల ద్వారా శిక్షణ పొందిన కృత్రిమ మేధ, చూడని దానిని పూరించడం నేర్చింది. ముఖం మీది మచ్చలను తుడిచి, చర్మపు ఛాయను తేలికపరచే సవరణలు కొన్ని ఫోన్లలో వాడేవారు అడగకుండానే పనిచేశాయి. మెట్ట పొలం ఎండలో చామనఛాయ తేలిన ముఖం తన ఫోన్‌లో తెల్లబడి కనిపించినప్పుడు, ఆ యువకుడు తన రంగులోనే లోపమున్నదని భావించే ప్రమాదం ఉంది.

2023 మార్చిలో ఒక ప్రయోగం ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. చంద్రబింబపు ఫొటోను ఒకరు బుద్ధిపూర్వకంగా అలికినట్టు చేసి, కంప్యూటర్ తెర మీద నిలిపి, చీకటి గదిలో దూరం నుండి శామ్‌సంగ్ ఫోనుతో తీశారు. తెర మీద లేని బిలాల వివరాలు ఫోన్ ఇచ్చిన బొమ్మలో ప్రత్యక్షమయ్యాయి. చంద్రుని గుర్తించి కృత్రిమ మేధతో వివరాలను మెరుగుపరచే విధానం తమ ఫోన్లలో ఉన్నదని ఆ సంస్థ వివరించింది. చంద్రుడు భూమికి ఎప్పుడూ ఒకే ముఖం చూపుతాడు కనుక ఆ పూరణ వల్ల పెద్ద హాని లేదనుకోవచ్చు. అన్ని వస్తువులు చంద్రుని వంటివి కావు.

శిలాక్షరం పెట్టే పరీక్ష

ఉదయగిరి దుర్గం చరిత్ర ప్రసిద్ధమైనది. గజపతుల అధీనంలో ఉన్న ఆ గిరిదుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో జయించాడు. అక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, 1515లో ప్రతిష్ఠించాడు. ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాలతో సహా నెల్లూరు జిల్లాలోని శాసనాలను అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి సేకరించి, 1905లో మద్రాసులో మూడు సంపుటాలుగా ప్రచురించారు. శాసనాలకు నకలు తీసే సంప్రదాయ పద్ధతిలో తడి కాగితాన్ని శిల మీద పరచి, కుంచెతో కొట్టి, అక్షరాల గుంటలలోకి అది ఒదిగిన తరువాత పైన సిరా అద్దుతారు. గుంటలు తెల్లగాను, తక్కిన భాగం నల్లగాను వస్తాయి. కాగితం శిలను తాకింది కనుక ఆ నకలు శిలకు సాక్ష్యం.

నేడు ఊరి శాసనాన్ని ఫోనుతో ఫొటో తీయడానికి ఏ విద్యార్థికైనా క్షణం చాలు. ఎండకు, వానకు అరిగిపోతున్న అక్షరాలను అవి ఉన్న స్థితిలో నమోదు చేయడానికి ఇంతటి అవకాశం ఏ తరానికీ దక్కలేదు. కాని అరిగిన అక్షరాన్ని చదివించేది వెలుగు కాదు, నీడ. ఉదయం, సాయంత్రం వాలుగా పడే ఎండలో గుంటలలో నీడ నిలిచినప్పుడే అక్షరం తేలుతుంది. నీడలను వెలిగించి దృశ్యాన్ని సమం చేసే ఫోన్ గణితం కొన్నిసార్లు ఆ నీడనే పలుచబరుస్తుంది. అంతకంటె పెద్ద ప్రమాదం పూరణ. తెలుగు లిపిలో ద, ధలకు గాని, డ, ఢలకు గాని భేదం ఒక చిన్న గీత. శిల మీద పగులును గీతగా భావించి యంత్రం స్పష్టపరచినా, గీతను నలుసుగా భావించి తుడిచివేసినా మాట మారుతుంది. దాత పేరో, దానమిచ్చిన భూమి హద్దో మారుతుంది. మసకగా ఉన్న అక్షరం చదివేవానిని సందేహించేటట్లు చేస్తుంది. తప్పుగా స్పష్టమైన అక్షరం సందేహానికి అవకాశమే ఇవ్వదు.

శిలాశాసనం మాట అలా ఉంచి, కూలి శాసనం వంటి హాజరు ఫొటోను గమనించినా ఇదే తేలుతుంది. ఉపాధి హామీ హాజరు నమోదులో సంబంధం లేని ఫొటోలను పెట్టడం, ఒక ఫొటోనే మళ్ళీ ఫొటో తీసి పంపడం వంటి అక్రమాలు జరుగుతున్నాయని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖయే రాష్ట్రాలకు వ్రాసింది. కెమెరా ఎంత మెరుగైనా తన ముందున్నది మనుషులో, మనుషుల బొమ్మో అది తనంత తానుగా చెప్పలేదు. చూచి ధ్రువపరచే మనిషి కావలసిందే. ఆ పరిశీలన లోపిస్తే నష్టపోయేది నిజంగా పనిచేసినవారు.

చదువరి పాటించవలసిన జాగ్రత్తలు

ఫోన్ ఎంచుకొనేటప్పుడు మెగాపిక్సెళ్ళ అంకెను మాత్రమే చూడక, సెన్సర్ పరిమాణాన్ని, మసక వెలుతురులో తీసిన బొమ్మలను పరిశీలించడం మేలు. ఆధారంగా నిలపదలచిన ఫొటో తీసే ముందు కటకాన్ని మెత్తని బట్టతో తుడవాలి. తెర మీద వేళ్ళతో బొమ్మను సాగదీయడం కంటె వస్తువుకు దగ్గరగా నడవడం మంచిది. ముఖసౌందర్య సవరణలను ఆపివేయాలి. శాసనం వంటి వాటిని వాలు వెలుగులో, పలు కోణాల నుండి తీయాలి. పక్కన కొలబద్దను ఉంచితే పరిమాణం తెలుస్తుంది. స్థలం, తేదీ వ్రాసిపెట్టుకోవాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది కనుక, మూలప్రతిని డాక్యుమెంటుగా పంపి, తమ వద్ద ఒకటి మార్చకుండా భద్రపరచాలి. అన్నింటికీ మించి, బొమ్మలో కనిపించిన దానిని వస్తువుతో సరిచూచే అలవాటు చేసుకోవాలి.

భారతంలోని సభాపర్వంలో మయసభ వృత్తాంతం ఉంది. నేల నీరుగా, నీరు నేలగా కనిపించిన ఆ సభలో దుర్యోధనుడు భంగపడ్డాడు. అతని కన్నులలో లోపం లేదు; ఆ సభ ఎట్లా నిర్మితమైనదో అతనికి తెలియదు. నేటి ఛాయాచిత్రం కూడా నిపుణులు నిర్మించిన సభ వంటిదే. అందులో అడుగుపెట్టడానికి భయపడనవసరం లేదు. ఏది కొలిచినదో, ఏది పూరించినదో విచారించగల విద్యార్థికి అరచేతిలోని కన్ను ఉత్తమ సాధనమవుతుంది. ఉదయగిరి కొండ మీది అక్షరానికి, ఆత్మకూరు పొలంలోని పైరుకు, పనిచేసిన కూలీ హక్కుకు అది నమ్మకమైన సాక్షిగా నిలవాలంటే, దాని వెనుక నిలిచిన మనిషి కన్ను కూడా మెలకువతో ఉండాలి.

కఠిన పదాలకు అర్థాలు

పరిణతి – పక్వ స్థితి, అభివృద్ధి
వివేచన – మంచిచెడ్డలను విడదీసి తెలుసుకోవడం
అపురూపం – అరుదైనది
కటకం – వెలుగును కేంద్రీకరించే గాజు బిళ్ళ
సుగమం – సులభంగా వెళ్ళదగినది
లోగుట్టు – లోపలి రహస్యం
నిర్వివాదాంశం – వాదానికి తావులేని విషయం
గిరిదుర్గం – కొండ మీది కోట
పూరణ – ఖాళీని నింపడం

ప్రశ్నలు

1. పెట్టె మీది మెగాపిక్సెళ్ళ అంకెకూ, చేతికి వచ్చే బొమ్మ పరిమాణానికీ గల సంబంధాన్ని వివరించండి.
2. ఫోన్ కెమెరాల అభివృద్ధిలో ఉత్పత్తి సంస్థల పోటీ వల్ల కలిగిన మేలును, కీడును చర్చించండి.
3. "మసకగా ఉన్న అక్షరం చదివేవానిని సందేహించేటట్లు చేస్తుంది." ఈ వాక్యంలోని అంతరార్థాన్ని శాసనాల నమోదును ఉదాహరణగా తీసుకొని విశదీకరించండి.
4. మీ ఊరిలోని ఒక పాత కట్టడాన్ని గాని, శాసనాన్ని గాని ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఫొటో తీసి, ఆ మూడింటి మధ్య భేదాన్ని ఒక పుటలో వ్రాయండి.